సమయస్ఫూర్తికి నిలువెత్తు రూపం – కర్నల్ సి. కె. నాయుడు

మన పెద్దలు మనకు రెండు సామెతలు అప్పగించి వెళ్ళారు. నిదానమే ప్రధానమన్నది ఒకటి. ఆలస్యం అమృతం విషమన్నది మరొకటి. ఉపాధ్యాయులమైన మేము ఈ రెండింటినీ పిల్లలకు బోధిస్తాము. లెక్క తొందరపడి తప్పు చేసిన విద్యార్థికి మొదటిది, పరీక్షలో కాలం చాలక సగం జవాబులు వదలివేసిన విద్యార్థికి రెండవది చెబుతాము. ఏ వేళ ఏది పాటించవలెనో మాత్రం ఏ సామెతా చెప్పదు. ఆ ఎరుకకు మన భాషలో ఒక చక్కని పేరున్నది. అదే సమయస్ఫూర్తి.

సమయస్ఫూర్తి పుట్టుకతో వచ్చే వరమా, సాధనతో అలవడే గుణమా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఆటస్థలాన్ని మించిన ప్రయోగశాల లేదు. అక్కడ నిర్ణయానికి క్షణంలో సగమైనా వ్యవధి ఉండదు, నిర్ణయ ఫలితం మాత్రం మరుక్షణమే వేలమంది కళ్ళ ఎదుట తేలిపోతుంది. అందుచేత మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఒక ఆటగాని జీవితాన్ని స్మరించుకొనడం సముచితమని భావించాను. ఆయన మనవలెనే తెలుగునాటికి దూరంగా స్థిరపడిన తెలుగు కుటుంబంలో, నేటి మహారాష్ట్రలోని నాగపూరులో జన్మించినవారు. భారతదేశపు తొలి టెస్టు క్రికెట్ కెప్టెన్ కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారు.

నాగపూరు తెలుగు బిడ్డ

కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించారు. ఆనాడది సెంట్రల్ ప్రావిన్సెస్ రాజధాని. న్యాయవాద వృత్తిలో పేరు గడించిన తెలుగు కుటుంబం వారిది. విద్యాభ్యాసం నాగపూరులోనే సాగింది. బాల్యం నుండే పాఠశాల జట్టులో ఆడుతూ క్రికెట్‌పై పట్టు సంపాదించారు. పొడవైన విగ్రహం, నిటారైన నడక, చురుకైన చూపు ఆయన సొత్తు. బ్యాటింగుతోపాటు బౌలింగు, ఫీల్డింగు కూడా సమానంగా అభ్యసించారు.

ఆ కాలంలో దేశంలోని ప్రధానమైన పోటీ బొంబాయిలో జరిగేది. జట్లు మతాల వారీగా ఏర్పడేవి. యూరోపియన్లు, పార్శీలు, హిందువులు, ముస్లిములు వేర్వేరు జట్లుగా తలపడేవారు. పాలించే జాతికీ పాలితులకూ మధ్య జరిగే ఆట కనుక ప్రతి పరుగుకూ ఆటను మించిన అర్థముండేది. అట్టి వేదికపై 1916లో, ఇరువది యొకటవ యేట, నాయుడుగారు హిందూ జట్టు పక్షాన యూరోపియన్లపై ప్రథమ శ్రేణి క్రికెట్‌లో అడుగుపెట్టారు.

మూడు బంతుల నిదానం

ఆయన బ్యాటు పట్టుకొని మైదానంలోకి వచ్చేసరికి జట్టు పరిస్థితి దయనీయంగా ఉన్నది. 79 పరుగులకే ఏడు వికెట్లు పడిపోయాయి. అట్టి సమయంలో కొత్త కుర్రవానికి రెండు దారులే తోస్తాయి. భయంతో ముడుచుకొనిపోవడం ఒకటి, కంగారుతో కళ్ళు మూసుకొని బాదడం రెండవది. నాయుడుగారు ఆ రెండింటిలో దేనినీ పట్టలేదు. మొదటి మూడు బంతులను నిబ్బరంగా అడ్డుకున్నారు. నాల్గవ బంతిని సిక్సరుగా మలిచారు.

ఈ సంఘటనను చెప్పుకొనేటప్పుడు సాధారణంగా ఆ సిక్సరునే పొగడుతాము. ఉపాధ్యాయురాలిగా నా దృష్టి ముందటి మూడు బంతులపై నిలుస్తుంది. ఆ మూడు బంతులలోనూ ఆయన ఊరకే ఉండలేదు. పిచ్ ఎట్లా ఉన్నది, బంతి ఎంత ఎత్తు లేస్తున్నది, బౌలరు మణికట్టు ఎటు తిరుగుతున్నది అన్న పాఠాలు చదువుకొనడానికి అవి చక్కని అవకాశాలు. పాఠం పూర్తయిన తరువాత ఆలస్యానికి తావివ్వలేదు. రెండు సామెతలూ ఒకే ఆటలో, నాలుగు బంతుల వ్యవధిలో, తమ తమ స్థానాలలో ఒదిగిపోయాయి.

ఏమీ చేయకుండా వేచియుండటం ఎంత కష్టమో నేటి పరిశోధకులు కూడా గుర్తించారు. ఇజ్రాయెల్ దేశ పరిశోధకులు 2007లో ఫుట్‌బాల్ పెనాల్టీ కిక్కులపై ఒక పరిశీలనను ప్రకటించారు. వారు 286 కిక్కులను పరిశీలించగా, నూటికి సుమారు ఇరువది తొమ్మిది బంతులు గోలు మధ్యభాగానికే వచ్చాయి. గోల్‌కీపర్లు మాత్రం నూటికి ఆరుసార్లే మధ్యలో నిలిచియున్నారు. మిగిలిన అన్నిసార్లూ ఏదో ఒక ప్రక్కకు దూకారు. నిలిచియుండగా గోలు పడితే చేతకానివాడని నింద వస్తుంది, దూకిన తరువాత పడితే పాపం ప్రయత్నించాడన్న సానుభూతి దక్కుతుంది. నిందకు వెరచి చేసే పని నిర్ణయమనిపించుకోదు. 79 పరుగులకు ఏడు వికెట్లు పడిన వేళ మూడు బంతులు ఆగగలిగిన యువకుని మనోధైర్యం ఎంతటిదో దీనివలన బోధపడుతుంది.

కన్ను, మనస్సు, బంతి

క్రికెట్ పిచ్ పొడవు ఇరువది రెండు గజాలు. వేగవంతుడైన బౌలరు గంటకు 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి బ్యాట్స్‌మన్‌ను చేరుటకు అర సెకను కూడా పట్టదు. కంటితో చూచిన దానికి శరీరం స్పందించుటకే సెకనులో అయిదవ వంతు కావలెను. అనగా ఆలోచనకు మిగిలే వ్యవధి అత్యల్పం.

మేటి బ్యాట్స్‌మన్‌కు సామాన్యునికంటె వేగంగా స్పందించే నరములు ఉంటాయేమోనని చాలామంది తలుస్తారు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ మెక్‌లియాడ్ 1987లో ప్రకటించిన పరిశోధనలో ఈ ఊహ నిలువలేదు. నేల తాకిన తరువాత బంతి ఎటు మళ్ళునో ముందుగా తెలియని విధంగా పిచ్‌ను ఏర్పరచినప్పుడు మేటి ఆటగాళ్ళకు సైతం స్పందించుటకు సెకనులో అయిదవ వంతు అవసరమైనది. ఈ విషయంలో వారు మనవంటి వారే. మరి తేడా ఎక్కడున్నది? మైకేల్ లాండ్ అనే శాస్త్రవేత్తతో కలిసి అదే మెక్‌లియాడ్ 2000 సంవత్సరంలో దీనికి సమాధానం చూపారు. బ్యాట్స్‌మన్ బంతిని ఆసాంతం చూపుతో వెంబడించడు. అది చేతినుండి వెలువడిన క్షణంలో చూచి, ఎక్కడ నేలను తాకుతుందో ఊహించి, చూపును ముందుగానే ఆ చోటికి పంపి, బంతి రాకకై వేచియుంటాడు. ఎంత నిపుణుడైతే చూపు అంత త్వరగా అక్కడికి చేరుతుంది.

కావున ఆటగాని వేగం కాలిచేతులలో కంటె అతని అనుభవంలో ఎక్కువగా ఉన్నది. వేలాది బంతులను ఎదుర్కొన్న అభ్యాసమే ఆ ఊహకు పునాది. చూచేవారికి మెరుపులా తోచే నిర్ణయం వెనుక సంవత్సరాల నిదానం దాగియుంటుంది. నాయుడుగారి ఆటను ఈ వెలుగులో చూచినప్పుడే ఆయన సాహసానికి సరైన అర్థం దొరుకుతుంది.

బొంబాయిలో పదకొండు సిక్సర్లు

1923లో హోల్కర్ మహారాజు ఆహ్వానంపై నాయుడుగారు ఇందూరుకు తరలివెళ్ళి ఆ సంస్థాన సైన్యంలో కెప్టెన్ హోదాను పొందారు. కాలక్రమంలో కర్నల్ అన్న బిరుదు ఆయన పేరులో భాగమైనది.

1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుండి ఎం.సి.సి. జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో జరిగిన పోటీలో తొలుత ఆడిన ఎం.సి.సి. పక్షాన గై ఎర్ల్ 130 పరుగులు చేసి బౌలర్లను చెండాడాడు. మరునాడు, డిసెంబరు 1వ తేదీన, నాయుడుగారు దానికి బదులిచ్చారు. రెండు గంటలు కూడా నిండకుండా 153 పరుగులు సాధించారు. అందులో పదకొండు సిక్సర్లున్నవి. నగరంలో ఈ వార్త వ్యాపించగానే జనం మైదానం వైపు పరుగులు తీశారని, చెట్లపైన, మేడలపైన కూడా నిలబడి ఆట చూచారని చెప్పుకుంటారు. ముచ్చటపడిన ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు.

మన ఆటగాళ్ళు ఇంగ్లండు వారికి దీటుగా నిలువగలరన్న విశ్వాసం ఆ పర్యటనతో బలపడింది. 1928 డిసెంబరులో భారత క్రికెట్ కంట్రోల్ బోర్డు ఏర్పడింది. నాలుగు సంవత్సరాలలో భారతదేశం టెస్టు హోదాతో ఇంగ్లండు మైదానంలో నిలిచింది.

తనను తాను ఎరిగినవాడు

1932లో ఇంగ్లండుకు బయలుదేరిన జట్టుకు పోరుబందరు మహారాజు కెప్టెన్. ఉపనాయకత్వం కూడా లింబ్డి రాజవంశీయునికే దక్కింది. ఆ రోజులలో సంస్థానాధీశులే జట్లకు నాయకులు. ఆటలో ప్రతిభ రెండవ మాట. ఈ సందర్భంలో పోరుబందరు మహారాజు గావించిన పని చిరస్మరణీయమైనది. ఆటగానిగా తన శక్తి పరిమితమని ఆయన గ్రహించి, టెస్టు మ్యాచ్‌కు తాను తప్పుకున్నారు. జట్టు పగ్గాలు నాయుడుగారి చేతికి వచ్చాయి. ఆట నిర్ణయాలలో అన్నింటికంటె కఠినమైనది తన యోగ్యతను తాను తూచుకొనడం. ఆ తూకంలో మహారాజు నెగ్గారు.

అయినను దారి సుగమం కాలేదు. జట్టులోని కొందరు నాయుడుగారి నాయకత్వంలో ఆడుటకు మొదట సుముఖత చూపలేదని క్రికెట్ చరిత్రకారులు వ్రాశారు. అట్టి జట్టును వెంటబెట్టుకొని ఆయన 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో అడుగిడారు. మొదట బ్యాటింగు చేసిన ఇంగ్లండును మహమ్మద్ నిస్సార్, అమర్ సింగ్‌ల బౌలింగు హడలెత్తించింది. 19 పరుగులకే మూడు వికెట్లు పడిపోయాయి. ఇంగ్లండు కెప్టెన్ జార్డిన్ నిలద్రొక్కుకొని ఆడటంతో వారి స్కోరు 259కి చేరింది. ఫీల్డింగులో చేతికి గాయమైనప్పటికీ నాయుడుగారు బ్యాటింగుకు దిగి 40 పరుగులు చేశారు. ఆ ఇన్నింగ్స్‌లో మనవారిలో అదే అత్యధికం. ఆ టెస్టులో మనకు 158 పరుగుల తేడాతో పరాజయం కలిగినా, తొలి టెస్టులోనే భారత జట్టు గౌరవాన్ని నిలుపుకొన్నది.

ఆ పర్యటనలోని ప్రథమ శ్రేణి పోటీలలో నాయుడుగారు 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. వార్విక్‌షైర్‌పై ఆడుతూ ఎడ్జ్‌బాస్టన్‌లో ఆయన కొట్టిన సిక్సరు ప్రక్కనున్న రీ నదిని దాటి పొరుగు కౌంటీలో పడిందని నేటికీ కథగా చెప్పుకుంటారు. ప్రఖ్యాత క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ 1933లో ఎన్నుకున్న అయిదుగురు ఉత్తమ ఆటగాళ్ళలో ఆయనకు చోటు కల్పించింది.

వెనుక నిలిచే వివేకం, దెబ్బకు వెరవని ధైర్యం

1933లో జార్డిన్ నాయకత్వాన ఇంగ్లండు జట్టు మన దేశానికి వచ్చింది. మన గడ్డపై జరిగిన తొలి టెస్టుకు బొంబాయి జింఖానా వేదికైనది. రెండవ ఇన్నింగ్స్‌లో ఇరువది రెండేళ్ళ లాలా అమర్‌నాథ్ చెలరేగి 118 పరుగులు చేశాడు. భారతీయుడు సాధించిన తొలి టెస్టు శతకమది. అవతలి కొసన నిలిచినవారు ముప్పది యెనిమిదేళ్ళ కెప్టెన్ నాయుడుగారు. ఇరువురూ కలిసి మూడవ వికెట్టుకు 186 పరుగులు జోడించారు. సిక్సర్లకు పేరుగన్న పెద్ద ఆటగాడు ఆనాడు 67 పరుగులతో కుర్రవానికి అండగా నిలిచారు. ముందుకు దూకగలిగినవాడు, ఇంకొకరు ముందుకు సాగుతుండగా వారి వెనుక నిలువగలగడం కూడా సమయస్ఫూర్తిలో భాగమే. ఆ టెస్టులో మన జట్టు ఓడిపోయినా ఆ భాగస్వామ్యం చరిత్రలో నిలిచిపోయింది.

1936లో రెండవసారి ఇంగ్లండుకు వెళ్ళిన జట్టుకు కెప్టెన్‌గా విజయనగరం మహారాజకుమార్ ఎన్నికయ్యారు. ఆయన తెలుగునాట సుప్రసిద్ధమైన రాజవంశానికి చెందినవారు. 1930-31లో ఇంగ్లండు మేటి ఆటగాళ్ళు హాబ్స్, సట్‌క్లిఫ్‌లను మన దేశానికి రప్పించి ఆడించిన క్రికెట్ పోషకులు. అయితే పోషణ వేరు, నాయకత్వం వేరు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తం 33. పోరుబందరు మహారాజువలె ప్రక్కకు తప్పుకొనే నిర్ణయాన్ని ఆయన తీసుకొనలేదు. జట్టులో వర్గాలు ప్రబలాయి. అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట నడుమనే స్వదేశానికి పంపివేశారు. సిరీస్ చేజారింది.

నాలుగు టెస్టులలో నాయకత్వం వహించిన నాయుడుగారు ఈ పర్యటనలో సాధారణ సభ్యునిగా ఆడారు. ఓవల్‌లో జరిగిన చివరి టెస్టులో ఇంగ్లండు కెప్టెన్ గబ్బీ అలెన్ విసిరిన బంతి ఆయన శరీరానికి బలంగా తాకింది. ఆయన మైదానం విడువలేదు. 81 పరుగులు చేశారు. అదే ఆయన అత్యధిక టెస్టు స్కోరు, అదే ఆయన చివరి టెస్టు. ఏడు టెస్టులలో 350 పరుగులు, తొమ్మిది వికెట్లు అన్న లెక్క చూచి నేటి పిల్లలు పెదవి విరువవచ్చు. భారతదేశం తొలి టెస్టు ఆడేనాటికే ఆయన వయస్సు ముప్పది ఆరు సంవత్సరాలన్న సంగతి వారికి మనము చెప్పవలెను.

హోల్కర్ జట్టు గురువు

నాయుడుగారి నాయకత్వ ప్రతిభ పూర్తిగా వికసించినది హోల్కర్ జట్టులోనే. 1944-45 నుండి 1952-53 వరకు తొమ్మిది సీజనులలో ఆ జట్టు ఎనిమిదిసార్లు రంజీ ట్రోఫీ ఫైనలుకు చేరి, నాలుగుసార్లు విజేతగా నిలిచింది. ఇందూరు బాలుడు ముస్తాక్ అలీలోని ప్రతిభను గుర్తించి తీర్చిదిద్దినవారిలో నాయుడుగారు ముఖ్యులు. 1945-46 ఫైనలులో బరోడాపై ఆయన స్వయంగా 200 పరుగులు చేశారు. అప్పుడాయనకు యాభై ఏళ్ళు. ప్రథమ శ్రేణి క్రికెట్‌లో ఆయన అత్యధిక స్కోరు కూడా అదే.

క్రమశిక్షణలో ఆయన మిక్కిలి కఠినుడు. బంతి తగిలినచోట ఆటగాడు చేతితో రుద్దుకొనడం కూడా ఆయనకు నచ్చేది కాదంటారు. ఇతరులకు విధించిన నియమాన్ని తనకూ విధించుకున్నారు. 1951-52 ఫైనలులో బొంబాయి బౌలరు దత్తు ఫడ్కర్ విసిరిన బంతి నోటికి తగిలి పళ్ళు ఊడినప్పుడు, వాటిని పిచ్ మీదనుండి తొలగించి ఆట కొనసాగించి 66 పరుగులు చేశారు. అప్పటికి వయస్సు యాభై ఆరు.

ఇంతటి నాయకుని నిర్ణయాలన్నీ ప్రశ్నకు అతీతమైనవని చెప్పడం న్యాయం కాదు. 1944-45 ఫైనలులో బొంబాయిపై ఆయన తమ్ముడు సి. ఎస్. నాయుడు రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 917 బంతులు వేశారు. ఒక మ్యాచ్‌లో ఒకే బౌలరు అన్ని బంతులు వేయడం ప్రపంచ రికార్డు. 428 పరుగులిచ్చి పదకొండు వికెట్లు తీసినా హోల్కర్ జట్టు ఓడిపోయింది. ఒకే వ్యక్తి భుజాలపై అంతటి భారం మోపడం సరియైన నిర్ణయమేనా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నలో తప్పు లేదు.

మనుషులతో వ్యవహరించుటలో కూడా ఆయన దూరంగా ఉండేవారని, మాట బిరుసని, అందువలన సహచరులు కొందరు దగ్గరకు రాలేకపోయారని వ్రాసినవారున్నారు. బంతిని అంతటి సూక్ష్మంగా చదువగలిగిన కన్ను మనిషి మనస్సును అదే తీరున చదువలేకపోయినదా? మనస్తత్వశాస్త్రం ఇందుకు ఒక సమాధానమిస్తున్నది. నోబెల్ బహుమతి గ్రహీత డేనియల్ కానెమన్, గ్యారీ క్లీన్ అనే ఇరువురు పండితులు అంతఃస్ఫురణ విలువ గురించి చాలాకాలం భిన్నాభిప్రాయాలతో ఉండి, చివరకు 2009లో ఒక అంగీకారానికి వచ్చారు. ఏ రంగంలో క్రమం ఉన్నదో, ఏ రంగంలో చేసిన పనికి ఫలితం వెంటనే స్పష్టంగా తెలుస్తుందో, అక్కడ దీర్ఘ సాధన చేసినవాని స్ఫురణను నమ్మవచ్చునని వారు తేల్చారు. బంతి ఆడిన మరుక్షణమే తప్పొప్పులు తెలుస్తాయి. ఒక మాటతో మనిషి మనస్సు నొచ్చినదా లేదా అన్నది తెలియుటకు ఏండ్లు పట్టవచ్చు. ఒక విద్యలో ఆరితేరినంత మాత్రాన అన్నింటిలోనూ మన తీర్పు సరియైనదని భావించరాదు. ఈ హెచ్చరిక కెప్టెన్లకు ఎంత అవసరమో, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు అంతకంటె ఎక్కువ అవసరం.

అలసట ఎరుగని ప్రయాణం

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54 సీజనులో రంజీ ట్రోఫీలో ప్రవేశించిన ఆంధ్ర జట్టు పక్షాన నాయుడుగారు ఆడారు. పూర్వికుల భాష మాట్లాడే రాష్ట్రం తొలి అడుగులు వేస్తున్న వేళ యాభై యెనిమిదేళ్ళ వృద్ధవీరుడు ఆ జట్టు టోపీ ధరించడం మనవంటి ప్రవాసాంధ్రులకు గర్వకారణం. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడుతూ రాజస్థాన్‌పై 84 పరుగులు చేసేనాటికి ఆయన అరవై దాటారు. 1963-64లో, అరవై యెనిమిదవ యేట, చివరి ప్రథమ శ్రేణి మ్యాచ్ ఆడారు. ఇరువది యొకటవ యేట మొదలైన ప్రయాణం నలుబది ఏడేండ్లకు పైగా సాగింది. మొత్తం 207 మ్యాచ్‌లలో 11,825 పరుగులు, 411 వికెట్లు ఆయన ఖాతాలో ఉన్నాయి.

1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో ఆయనను సత్కరించింది. 1967 నవంబరు 14న, దేశమంతటా బాలల దినోత్సవం జరుపుకుంటున్న నాడు, ఇందూరులో ఆయన పరమపదించారు. యువ ఆటగాళ్ళకు ఆయన పేరిట జాతీయస్థాయి పోటీ నెలకొన్నది. 1994లో క్రికెట్ బోర్డు ఆయన పేరిట జీవన సాఫల్య పురస్కారాన్ని ప్రారంభించింది. 1996లో తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు వెలువరించింది. ఆయన కుమార్తె చంద్రా నాయుడుగారు ఆంగ్ల అధ్యాపకురాలిగా పనిచేసి, మన దేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరిగా పేరు గడించారు. తండ్రిగారి జ్ఞాపకాలను గ్రంథస్థం చేశారు. 2021లో ఆమె కన్నుమూశారు.

మన పిల్లలకు అందవలసినది

ఈ జీవితాన్ని చదివిన తరువాత మొదట వేసిన ప్రశ్నకు జవాబు కొంతవరకు దొరుకుతుంది. సమయస్ఫూర్తి అలవడే గుణమే. అయితే ఉపన్యాసాలు వినడం వలన అది అలవడదు. నిర్ణయాలు తీసుకొని, ఫలితాన్ని చవిచూచి, మరల నిర్ణయించుకొనే అవకాశం కావలెను.

మన మైదానంలో ఖోఖో ఆడే బాలికలను గమనించండి. ఎప్పుడు ఖో ఇవ్వవలెనో, ఎప్పుడు తానే మరి రెండడుగులు వెంబడించవలెనో ఆ బాలిక రెప్పపాటులో తేల్చుకుంటుంది. కబడ్డీలో కూతకు వెళ్ళిన బాలుడు ముప్పది సెకన్లలో ఎవరిని తాకవలెనో, ఎప్పుడు వెనుదిరుగవలెనో తానే నిశ్చయించుకుంటాడు. తప్పయితే వెంటనే తెలుస్తుంది, మరుసటి కూతకు పాఠమవుతుంది. అదే పిల్లలు తరగతి గదిలో ప్రశ్న అడిగితే జవాబు తెలిసియుండి కూడా తలవంచుకుంటారు. పదవ తరగతి తరువాత ఏమి చదువుతావని అడిగితే తల్లిదండ్రుల ముఖం చూస్తారు. మైదానంలో ఉన్న ధైర్యం గుమ్మం దాటి లోపలికి ఎందుకు రావడం లేదు? మైదానంలో తప్పుకు శిక్ష ఒక్క పాయింటు, లోపల తప్పుకు శిక్ష నలుగురి నవ్వు. కారణం ఇదేనని నా నమ్మకం.

ఇతర భాషల నడుమ తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలకు ఈ జంకు ఒకింత ఎక్కువ. బయటికి వెళ్ళగానే మరాఠీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో మాట్లాడవలసి వస్తుంది. మాట తప్పుతుందేమోనన్న భయంతో మౌనాన్ని ఆశ్రయిస్తారు. ఆ మౌనాన్ని చూచి లోకం వారిని తెలివి తక్కువవారని తూచే ప్రమాదమున్నది. ఈ విషయంలో నాయుడుగారి తొలి మూడు బంతులు వారికి మార్గదర్శకాలు. కొత్త చోట కొంతసేపు గమనించడం పిరికితనం కాదు. గమనించిన తరువాత నాల్గవ బంతికి బ్యాటు ఎత్తకపోవడమే లోపం.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. చిన్న చిన్న నిర్ణయాలను పిల్లలకు వదలివేయండి. ఆదివారం ఏ పాఠం ముందు చదువవలెను, పండుగకు ఇచ్చిన డబ్బును ఎట్లా ఖర్చు చేయవలెను, ఏ ఆటలో పేరు నమోదు చేసుకొనవలెను అన్నవి వారే తేల్చుకొననివ్వండి. తప్పు దొర్లితే చిన్నతనంలో చెల్లించే మూల్యం స్వల్పమే. సహోపాధ్యాయులకు కూడా ఒక మాట. ఆటల పోటీలలో జట్టు కూర్పును, ఆడే క్రమాన్ని కెప్టెన్‌గా ఉన్న విద్యార్థికి అప్పగిద్దాము. జవాబు తప్పు చెప్పిన పిల్లవానిని, అట్లా ఎందుకు అనుకున్నావని నెమ్మదిగా అడుగుదాము. పూర్వ విద్యార్థులు ఈ పాఠశాలకు వచ్చినప్పుడు తాము సాధించిన విజయాలతోపాటు, తాము తీసుకున్న ఒక్క కఠిన నిర్ణయాన్నైనా పిల్లలతో పంచుకొనవలెనని కోరుతున్నాను.

డెబ్బది అయిదు వసంతాలు పూర్తిచేసుకున్న మన పాఠశాల కూడా ఒక నిర్ణయ ఫలమే. పరాయి నేలపై పొట్టకూటికై వచ్చిన మన పెద్దలు, పిల్లలకు తమ భాషలో చదువు చెప్పించవలెనని నిశ్చయించుకొనకపోతే ఈ గోడలు లేవు, ఈ సంచిక లేదు. వారు ఆగవలసిన చోట ఆగారు, అడుగు వేయవలసిన వేళ వేశారు. ఆ వివేకం మన పిల్లలకు వారసత్వంగా అందవలెనని మనసారా ఆకాంక్షిస్తున్నాను.